రంగేసిన చెరువు

"ఇగో, మనిషిని మింగిన మైకు." సీఐ భుజంగరావు ప్లాస్టిక్ సంచిని జాషువా ముక్కు ముందర ఊపాడు. "కండ్లార చూసినవ్ కద? ఇగ బస్సెక్కు."

జాషువా సంచి వైపు చూడలేదు. దాన్ని ఊపుతున్న చేతి వైపు చూశాడు. ఆ చేతికి వణుకన్నది లేదు. అబద్ధాన్ని అంత నిబ్బరంగా పట్టుకొని నిలబడాలంటే దాని వెనక ఇంకో పెద్ద చెయ్యి ఉండాలి. పదహారేళ్ళు కానిస్టేబుల్ కొలువు చేసినవాడికి ఆ మాత్రం తెలియదా!

"బస్సు మూడింటికుంది. అప్పటిదాంక గీడనే ఉంట."

"ఏ హక్కుతోటి?"

"మీరు పట్టుకపోయిన పిలగాని తల్లి నన్ను పెట్టుకున్నది. షెడ్డు నేత సంఘానిది, సంఘమోళ్ళు సరేనన్నరు. నువ్వు వద్దంటె కాగితం మీద రాసియ్యి, పోత."

కాగితం అనగానే భుజంగరావు మూతి బిగిసింది. నోటితో వెయ్యి ఆర్డర్లు వేస్తాడు గాని సంతకం పెట్టమంటే పెన్ను దొరకదు అతనికి. ఒకప్పుడు జాషువాకు ఆఫీసరు అతనే. జరగని పంచనామా మీద సంతకం చెయ్యనన్నందుకు జాషువా ఒంటి మీది ఖాకీ ఊడబెరికించింది కూడా అతనే. ఆ తర్వాత జాషువా నల్లగొండలో ఒక గది కిరాయికి తీసుకొని డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు. వచ్చేవాళ్ళంతా పెళ్ళికొడుకుల గుట్టు కనుక్కొమ్మని వచ్చేవాళ్ళే. నిన్న పొద్దున మాత్రం కేతేపల్లి నుంచి సాలమ్మ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "నా కొడుకు చీమను తొక్కడు బిడ్డా. సారును సంపిండంటున్నరు," అన్నది, అంతే.

ఆ సాలమ్మ ఇప్పుడు గుండ్లబావి షెడ్డు బయట, గోడ నీడ లేని చోట, ఎండలో నిలబడి ఉంది. లోపలికి రానివ్వద్దని సీఐ కానిస్టేబుల్‌కు చెప్పి ఉంచాడు. ఆమె కొడుకు విజేందర్ ఈ ఊరికి పనికి వచ్చి పోయే కరెంటు పనివాడు. ఈ పొద్దు మధ్యాహ్నం వాణ్ని నల్లగొండ కోర్టుకు ఎక్కిస్తారు. ఒకసారి హత్య కేసులో జైలుకు పోయాడంటే వాణ్ని బయటికి గుంజడానికి ఆ తల్లి కూలి ఎన్నేళ్ళు చేసినా చాలదు.

చచ్చిపోయింది వెంకటరాజం సారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన నేతింటి మనిషి. గుండ్లబావి నేత సంఘం షెడ్డులో నెలకొక సినిమా వేసేవాడు, అమావాస్య సాయంత్రం. నేతవాళ్ళకు ఆ రోజు సెలవు కాబట్టి పిల్లాజెల్లా అంతా వచ్చి కూర్చునేవాళ్ళు. మనకు తెలియని దేశాల సినిమాలు. కింద ఇంగ్లీషులో పడే మాటలను ఆయన తెర పక్కన నిలబడి మైకులో అప్పటికప్పుడు గుండ్లబావి తెలుగులోకి దించేవాడు. తెర మీద తెల్లోడు నోరు తెరిస్తే మైకులోంచి మన గల్లీ మాట వచ్చేది.

ఈసారి వేసింది హంగరీ దేశపు సినిమా. యాభై ఏళ్ళ కిందటిది. పెద్ద నాయకుడు చూడవస్తున్నాడని ఊరి అధికారులు ఎండిపోయిన చెరువు అడుగంతా నీలం రంగు వేయిస్తారు. నాయకుడు పడవ ఎక్కితే, ఆ పడవను కూలివాళ్ళు భుజాల మీద మోస్తారు. ఆయన గాలం వేస్తే ఒకడు పడవ కిందినుంచి గాలానికి చేపను తగిలిస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. సర్కారు సొమ్ముతో తీసిన ఆ సినిమాను ఆ సర్కారే పెట్టెలో పెట్టి ఏళ్ళ తరబడి తాళం వేసిందట.

గుండ్లబావికి ఇదెక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఈ ఊరి చెరువులో తట్టెడు మట్టి తియ్యకుండానే పూడిక తీశామని బిల్లులు ఎత్తుకున్న కాంట్రాక్టరు ఇంకా ఊళ్ళోనే తెల్ల బట్టలు వేసుకొని తిరుగుతున్నాడు. మంత్రి వచ్చినప్పుడు కట్ట మీది రాళ్ళకు సున్నం కొట్టించింది ఆయనే. అందుకే సీఐకి సెన్సార్ గుర్తుకొచ్చింది. "ఈ సినిమాకు మన దేశపు సర్టిఫికెట్ ఏది? ముందుగాల మాకు చూపెట్టు," అన్నాడు. గెస్ట్ హౌసులో ఒక ఆట వేయించుకొని, కాంట్రాక్టరును పక్కన కూర్చోబెట్టుకొని చూశాడు. కొన్ని మాటలు మైకులో పలకొద్దన్నాడు. చెరువు సీను మొత్తం ఎత్తెయ్యమన్నాడు. సారు మాటలకు ఒప్పుకున్నాడు, చెరువుకు ఒప్పుకోలేదు.

అమావాస్య సాయంత్రం, పలకొద్దన్న మాటలు వచ్చినప్పుడల్లా సారు మైకు దించి మూతి మీద వేలు పెట్టుకొని జనాన్ని చూశాడట. షెడ్డు రేకులు ఎగిరిపోయేటంత నవ్వు. ఏ మాటా అంత నవ్వించలేదు. ఆ తర్వాత చెరువు సీను వచ్చింది. సారు చచ్చిపోయాడు.

"కేసు ఖతం," అన్నాడు భుజంగరావు బల్ల మీద కూర్చుంటూ. "మైకుకు వైరు పెట్టింది విజేందర్. వారం కిందట అందరి ముందర సారు వాణ్ని తిట్టిండు. కోపం మనసుల పెట్టుకొని మైకుల కరెంటు ఇడిసిండు. కండ్లతోటి చూసిన సాక్షి ఉన్నడు. ఇంకేం గావాలె నీకు?"

"సాక్షితోటి మాట్లాడాలె."

"మాట్లాడు. నా ముందర్నే మాట్లాడు." భుజంగరావు నవ్వాడు. "ఓ రాంచందర్! ఇటు రా. గీ పెద్దమనిషికి కూడ జర జెప్పు."

రాంచందర్ మూలనుంచి వచ్చాడు. చచ్చిపోయిన సారు బామ్మర్ది, ఆయన భార్య ఆండాళుకు సొంత తమ్ముడు. నలభై దాటిన మనిషి. గోళ్ళ సందున ఎర్ర రంగు ఇంకా పోలేదు. మూడు రోజులుగా తిన్నట్టు లేడు, పడుకున్నట్టు అంతకన్నా లేడు.

"ఆ రోజు ఏం చూసినవు?" అడిగాడు జాషువా.

"విజేందర్ మైకు వైరు గీకుతుంటె చూసిన." పాఠం అప్పజెప్పినట్టు ఉంది గొంతు.

"ఎప్పుడు?"

"పగటీలి."

"నువ్వెక్కడున్నవు?"

"మగ్గం మీద. పొద్దుగాల్నుంచి మగ్గం మీదనే ఉన్న."

"అమాస నాడా?"

"అమాస నాడే." రాంచందర్ తల ఎత్తి సూటిగా జాషువా కళ్ళలోకి చూశాడు. ఆ ఒక్క మాటే అతను అప్పజెప్పినట్టు కాకుండా చెప్పాడు. "పట్టు చీర ఉండె మగ్గం మీద. ఆగకుండ నేసిన. మగ్గం చప్పుడుకు విజేందర్ గొణిగింది ఇనపడలే గని, చేసింది చూసిన."

జాషువా భుజంగరావు వైపు ఓరగా చూశాడు. సీఐ గోరుతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. పట్నంలో పుట్టి పట్నంలో పెరిగినవాడు. ఆ మాటలో ఉన్నదేమిటో అతని చెవికి ఎక్కనే లేదు.

జాషువా బయటపడలేదు. "మంచిది," అని షెడ్డు ఆ చివరికి నడిచాడు.

అక్కడ ఖాళీ మగ్గం గుంత అంచున ఆండాళు కూర్చుని ఉంది. మూడు రోజుల కిందటిదాకా సారు భార్య, ఇప్పుడు పోలీసులకు కేవలం ఒక ముసలమ్మ.

"అక్కా, సార్ పోయిన సంగతి అడుగుత. చెప్పగల్గుతవా?"

"నన్ను అడిగినోడివి నువ్వొక్కనివే," అన్నదామె. కళ్ళలో నీళ్ళు లేవు, మంట ఉంది. "గా ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చిండు, చాయ తాగిండు, పోయిండు. భార్యను ఉన్న గద, ముందు వరసల కూసున్న గద, ఏం చూసినవమ్మా అని ఒక్క మాట అడగలే."

"ఇప్పుడు జెప్పు. మైకు పట్టుకొనే పడిపోయిండా?"

"ఏం మైకు?" ఆండాళు గొంతు లేచింది. "మైకు నా ఒళ్ళె ఉండె! చెరువు సీను రాంగనె మైకు నా చేతుల పెట్టి, పట్టుకో అని తెర ఎనకకు పోయిండు. ఆయన అరుపు తెర ఎనకనుంచి ఇనొచ్చింది. నేను మైకు పట్టుకొనే లేచిన. నా చెయ్యి చూడు, ఏమన్న అయిందా? కాలిందా? గా మైకు సంపేదైతె ముందుగాల నన్ను సంపాలె!"

భుజంగరావు పళ్ళు కుట్టుకుంటున్న వేలు ఆగింది.

జాషువా నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. ఖాకీ ఊడిన నాటినుంచి లోపల కుళ్ళుతున్న కోపమంతా ఒక్కసారి నోట్లోకి వచ్చింది. "సీఐ సారూ, మనిషిని మింగిన మైకు ఆడమనిషి ఒళ్ళె పండుకున్నదంట. ఎఫ్ఐఆర్ల ఇది రాసినవా? రాయలే. ఎందుకు రాస్తవు, సచ్చినోని పెండ్లాన్ని అడిగితె గద!"

"ముసలిది, దుఃఖంల ఏదో..."

"ముసలిది అనకు!" జాషువా అరుపుకు కానిస్టేబుల్ తలుపు దగ్గర ఉలిక్కిపడ్డాడు. "పేరున్నది ఆమెకు. ఆండాళు."

తర్వాత అతను ఎవరి అనుమతీ అడగలేదు. తెర వెనక్కి పోయాడు. రెండు పన్నాల నేత గుడ్డను కలిపి కుట్టి, చుట్టూ ఇనుప పైపుల చట్రానికి బిగించిన తెర. చట్రం కింద చెక్క దిమ్మెలు. జనం కూర్చునే ముందు దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లిన మట్టి నేల, ఇంకా అక్కడక్కడ అడుగుల గుర్తులతో గట్టిపడి ఉంది. జోళ్ళ గుర్తులు కావవి. ఉత్త పాదాలు.

"అక్కా, సార్ ఎనకకు ఎందుకొచ్చిండు?"

"తెర ఊపెతందుకు. చెరువుకు అలలు రావాలె గద! పైపు పట్టి ఊపితె రంగు చెరువు కదులుతది, జనం ఇంకింత నవ్వుతరు. గెస్ట్ హౌసుల మొదటిసారి ఊపిండంట. ఇంటికొచ్చి చిన్నపిల్లగాని లెక్క మురిసిండు."

"అంతకుముందు ఎన్నడన్న ఊపిండా?"

"ఎన్నడు లే."

జాషువా వంగి ఎడమ పైపు మీద వేలు జరుపుతూ పోయాడు. ఛాతీ ఎత్తున ఒకచోట రంగు గీకి ఇనుము తెల్లగా బయటపెట్టారు. దాని చుట్టూ నల్లటి మాడు. మాడులో కరిగి అంటుకుపోయిన సన్నని నల్ల ముక్క. గోటితో లేపాడు. కరెంటు పనివాళ్ళు చుట్టే టేపు కాదు. సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీ. రంగుల అద్దకానికి ముందు నూలును కట్టుకట్టి బిగించడానికి గుండ్లబావిలో ఇంటింటా వాడే పట్టీ. కరిగినా కట్టు తీరు చెదరలేదు, అందులో ముడి లేదు. కొసను చుట్ల కిందికి దూర్చి బిగించి ఉంది. ఇటు రెండు చుట్లు, ఆ మీద అడ్డంగా ఒకటి.

అది అరచేతిలో పెట్టుకొని ఆండాళు ముందర చూపాడు. "గిట్ల ఎవరు కడతరక్కా? కరెంటోళ్ళా?"

ఆమె చూసింది. ఒకసారి చూసి చెయ్యి చాపింది, తాకబోయి ఆగిపోయింది. చిన్నప్పటినుంచి అదే పని చేసిన చెయ్యి. ఏ ఇంటి కట్టు ఎట్లా ఉంటుందో కళ్ళు మూసుకొని చెప్పగల చెయ్యి. ఆమె తల తిప్పి, మూలన నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. రాంచందర్ ఆ చూపుకు తల దించుకున్నాడు.

భుజంగరావు తక్కువవాడు కాదు. గాలి ఎటు తిరిగిందో అర్థం కాగానే తనూ తిరిగాడు. "ఓహో! పైపుకు కరెంటు పెట్టిండన్నట్టు! మంచిది, శభాష్. మైకు కాదు, పైపు. అయితె ఏంది? పెట్టింది విజేందరే. సారు పైపు పట్టి ఊపుతడని వానికి తెల్సు. గెస్ట్ హౌసుల ప్రొజెక్టర్ వేసింది వాడే. కేసు ఇంక గట్టి చేసినవు, దండం నీకు."

నిజమే. అదే జాషువాను కోసేసింది. తాను తవ్వి తీసిన సాక్ష్యం తిన్నగా పోయి ఆ పిల్లవాడి మెడకే చుట్టుకుంది. బయట ఎండలో సాలమ్మ కొంగు అంచు కనిపిస్తూనే ఉంది.

భుజంగరావు ఫోను మోగింది. "ఆఁ, ఎక్కిచ్చిండ్రా? పోండ్రి," అని పెట్టేసి నవ్వాడు. "బండి బయలెల్లింది. నీ డిటెక్టివ్ పని అయిపోయింది."

"గెస్ట్ హౌసుల ఇంకెవరెవరు చూసిండ్రు?" జాషువా గొంతు తగ్గింది. తగ్గితేనే అతను ప్రమాదం. "నువ్వు చూసినవ్. కాంట్రాక్టర్ చూసిండు. తెర మోసుకపోయింది ఎవరు?"

భుజంగరావు కళ్ళు రాంచందర్ వైపు పోయాయి.

జాషువా నడుచుకుంటూ పోయి రాంచందర్ ఎదురుగా, ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. "రాంచందర్, నేను నేతోన్ని గాను. కాని మా ఇంటెనక నేతోళ్ళ ఇండ్లుండె. నెలకొక్క దినం మా గల్లీల చప్పుడు ఉండకపోయేది. మా అవ్వ ఆ చప్పుడు లేకపోవుడు చూసి అమాస అని చెప్పేది. అమాస నాడు మగ్గం ముట్టేటోడు నీ ఇంట్ల ఎవరన్న ఉన్నరా? మీ నాయిన ముట్టిండా? తాత ముట్టిండా?"

"లేదు."

"మరి పొద్దంత నేసినంటివి. పట్టు చీర అంటివి. మగ్గం చప్పుడు గూడ ఉండెనంటివి. ఎందుకన్నవు?"

రాంచందర్ నోరు తెరిచాడు. మాట ఏడుపుతో కలిసి వచ్చింది.

"ఎవరన్న పట్టుకుంటరనే అన్న. చెప్పు చెప్పు అని గీ సీఐ సారు నాతోటి పది సార్లు చెప్పిచ్చిండు. ఆయనకు తెల్వదు. కోర్టుల మనోళ్ళు ఒక్కరన్న ఇంటె, గీడు అబద్ధమాడుతుండని లేచి అరుస్తరనుకున్న. బావ అంటుండె గద, గా దేశంల సినిమాలోళ్ళు సర్కారు ముందర నిలబడి సర్కారుకే తెల్వకుండ చెప్పేటోళ్ళని. నాకు నోటితోటి చెప్పే ధైర్యం లేకపాయె!"

"ఏం జెప్పే ధైర్యం?"

"నోరు ముయ్యిరా!" భుజంగరావు లేచాడు.

"వైరు కట్టింది నేనే అక్కా!" రాంచందర్ ఆండాళు వైపు కుప్పకూలాడు. "చిన్న షాకే అన్నరు. ఫ్యూజు కొట్టేస్తది, ఆట ఆగిపోతది, చెరువు సీను ఎవరు చూడరు, అంతే అన్నరు. ఆట ఆపకుంటె సంఘం షెడ్డుకు తాళమేస్తమన్నరు. నేల తడి సంగతి నాకు తట్టలే. బావ జోళ్ళు ఇడుస్తడన్నది తట్టలే. అరుపు ఇని నేనే వైరు గుంజేసిన..."

ఆండాళు కదలలేదు. తమ్ముడి తల మీద చెయ్యి వెయ్యలేదు, తొయ్యలేదు. "నా తోడబుట్టినోడివి," అన్నది. ఆ మాటకు రాంచందర్ మొహం నేలకు ఆన్చుకున్నాడు.

"ఎవరన్నరు?" జాషువా అడిగాడు. "పేరు చెప్పు."

రాంచందర్ చెయ్యి ఎత్తాడు. వేలు సీఐ గుండెకు సూటిగా నిలబడింది. "గెస్ట్ హౌసుల. కాంట్రాక్టర్ పక్కనే ఉండె. విజేందర్ ప్రొజెక్టర్ మూట గడుతుండె. వాడు గూడ ఇన్నడు. అందుకే వాణ్ని పట్టుకపోయిండ్రు."

ఇప్పుడర్థమైంది జాషువాకు. విజేందర్‌ను పట్టుకుంది నేరం నెత్తిన రుద్దడానికి ఒక్కదానికే కాదు. ఆ మాట చెవిన పడ్డ బయటివాడు ఈ ఊళ్ళో వాడొక్కడే.

భుజంగరావు వింతగా శాంతించాడు. టోపీ సర్దుకున్నాడు. "పిచ్చోని మాట. అమాస నాడు నేసినంటడు, నెయ్యలేదంటడు. రేపు ఇంకోటంటడు. ఏ కోర్టు నమ్ముతది?" అంటూ ఫోను చెవికి పెట్టుకొని గుమ్మం దాటి బయటికి నడిచాడు.

జాషువా రాంచందర్‌ను భుజాలు పట్టి లేపుతున్నాడు. ఈ ముక్క మేజిస్ట్రేటు ముందర పడాలి, విజేందర్ బండి దిగేలోపల వీణ్ని నల్లగొండ చేర్చాలి. బండి ఎవరిని అడగాలి, ఏ దారిన పోవాలి అని లెక్కలు వేసుకుంటున్నాడు.

గుమ్మం దగ్గర సాలమ్మ నిలబడి ఉంది. ఆపవలసిన కానిస్టేబుల్ సీఐ వెంట జీపు దగ్గరికి పోయినట్టున్నాడు. ఇంతసేపూ ఎండలో ఉన్న మొహం బూడిద రంగుకు తిరిగి ఉంది. ఆమె పక్కనే నిలబడి భుజంగరావు ఫోనులో మాట్లాడాడు. ఆమెను కూడా గోడ పక్కన ఇంకో గోడ అనుకొని ఉంటాడు, గొంతు కూడా తగ్గించలేదు.

"జాషువా, బిడ్డా," అన్నదామె. "కోర్టుకు ఒద్దు, బండి క్వారీ దారికి తిప్పుండ్రి అన్నడు. గా దార్ల నేను కంకర పనికి పోయినదాన్ని. చివరిదాంక పోయిన, ఆడ మనిషి పురుగుండదు. గా దార్ల ఏ కోర్టు లేదు గద బిడ్డా?"

బయట జీపు స్టార్టయింది.